వీపుకి వీపు

లీడ్స్‌లో ఈ వీధి ఇళ్ళు
అలిగి వీపుకి వీపు పెట్టి పడుకున్న మొగుడూ పెళ్ళాలు.
వెనక గుమ్మం లేదు, వెనక కిటికీ లేదు,
అసలు వెనక అన్నదే లేదు.
గోడకి చెవి ఆనిస్తే
అవతలి వీధివాళ్ళు మూకుడు తోముతున్న చప్పుడు.

"తోట లేదని ప్రకటనలోనే రాశాం" అన్నాడు ఏజెంటు,
పుచ్చు వంకాయ తనే ఏరి పక్కన పెట్టి
మిగతా బుట్ట బేరం లేకుండా అంటగట్టేవాడి ధీమాతో.
రోవెనా టేపు ఒక కొస పట్టుకుంది, నేను రెండో కొస.
గుమ్మం నుంచి రోడ్డుదాకా మూడు మెట్లు,
మెట్ల పక్కన చెత్తడబ్బా పట్టేంత జాగా.
కొలిచాం. కొలిచినదాన్ని ఏం చేసుకోవాలో తెలియక
వదిలేశాం. టేపు సర్రున వెళ్ళి తన గూట్లో తను దూరింది.

రాత్‌వెల్‌లో చూసిన ఇంటికి తోట ఉంది.
నలభై అడుగుల తోట. నలభై వేల పౌండ్లు ఎక్కువ.
అడుగుకి వెయ్యి.
ఆ లెక్కన ఒక నత్త
రొట్టె కాలేలోపు పాకే దూరం
నా వారం జీతం.

నేను బస్సు నడుపుతాను.
సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా
కంచెల మీదుగా ఊళ్ళో తోటలన్నీ చూస్తాను.
వెలిసిపోయిన జారుడుబల్లలు,
తుప్పు పట్టిన ట్రాంపొలిన్లు,
వానకి బోర్లించిన కుర్చీలు.
మనుషులు కనపడ్డ రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
రోవెనాకి ఇదంతా చెప్పాను.
"వాళ్ళూ నీలాగే పనిలో ఉంటారు కదా ఆ టైముకి" అంది.
నా దగ్గర జవాబు లేదు.
తను ఏటా విత్తనాల ప్యాకెట్లు కొంటుంది,
డ్రాయరులో దాస్తుంది.
వాటి గడువు తేదీలు చడీ చప్పుడూ లేకుండా దాటిపోతుంటాయి.

ఇప్పుడున్న అద్దె ఇంటికీ తోట ఉంది.
ఇంటాయన అమ్మేసుకుంటున్నాడు, ఆగస్టుకల్లా ఖాళీ చెయ్యాలి.
ఏడేళ్ళలో అక్కడ మేం తవ్విన గొయ్యి ఒక్కటే.
జూడ్ పెంచిన గినీపిగ్ కోసం. పేరు రాడిష్.
పార లేక సూప్ గరిటెతో తవ్వాం.
ఆ గరిటె మళ్ళీ వంటకి వాడలేక, పారెయ్యా లేక
సింకు కింద పెట్టాం.

అందుకే వాడు ఏజెంటుని అడిగాడు, ఆరేళ్ళవాడు,
"ఈ ఇంట్లో ఏదైనా చచ్చిపోతే ఎక్కడ పెట్టాలి?"

ఏజెంటు ఫోన్ చూసుకున్నాడు.
ఎదురింటి మెట్ల మీద బఠాణీలు ఒలుస్తున్న మిసెస్ ఆక్రాయిడ్
"ఇటు రా" అంది.
ఆవిడ గుమ్మం పక్కన సొట్టలు పడ్డ జింకు తొట్టి,
అందులో గొడుగులంత ఆకులేసిన రుబార్బ్.
"దీని కింద మా హెక్టర్ ఉన్నాడు.
పిల్లిలే. మొగుడు కాదు."
జూడ్ తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి
కొనుగోలుదారులా తలూపాడు.

తర్వాత ఆవిడ మా ఇంటివైపు చెయ్యి చూపించింది.
మా ఇల్లంటే, ఇంకా మాది కాని ఇల్లు.
"ఆ కిటికీ పైన కొక్కెం చూశారా?
సోమవారం నా బట్టల తాడు రెండో కొస దానికే.
మీ ముందువాళ్ళు, వాళ్ళ ముందువాళ్ళు, ఎవరూ కాదనలేదు.
మీ తాడు నా గోడకి కట్టుకోండి. మంగళవారం."
వీధికి అడ్డంగా ఎండ పడుతోంది అప్పుడు.
నాలుగుంబావుకి వచ్చి అయిదుకి పోతుందట,
పక్క వీధిలో ఇంకా ఎవరికో ఇవ్వాల్సి ఉన్నట్టు.

రోవెనా ఏమీ అనలేదు. తిరిగొస్తున్నప్పుడూ అనలేదు.
పడుకున్నాక, చీకట్లో, అటు తిరిగి
"మంగళవారం వాన పడితే?" అంది.

నేనూ ఇటు తిరిగి పడుకున్నాను.
వీపు వీపుకి తగిలింది. వెచ్చగానే ఉంది.

పక్కగదిలోంచి, ఎప్పుడో నిద్రపోయాడనుకున్న జూడ్,
"నాన్నా, ఆ గరిటె ఎక్కడుంది?"